ముఖం చూసి చెప్పిన చదువు

మొన్న ఆత్మకూరులో మా ఉపాధ్యాయులకు పెట్టిన శిక్షణలో, మధ్యాహ్నం భోజనాలయ్యాక చేతులు కడుక్కుందామని హాలు వెనక కొళాయి దగ్గరికి వెళ్తే, ప్రహరీ గోడ మీద దట్టంగా అల్లుకున్న దొండతీగ కనిపించింది. ఏదో ఆలోచిస్తూ నాలుగాకులు తుంచి అరచేతిలో నలిపాను. ఆ పచ్చి వాసన ముక్కుకు తగిలేసరికి, లోపల తెర మీద నడుస్తున్న పాఠమూ, కుర్చీల చప్పుడూ, ఫ్యాన్ల హోరూ అన్నీ దూరమైపోయి, ఉదయగిరికీ వరికుంటపాడుకూ నడుమ మెట్ట చేలల్లో ఉన్న మా ఊరి బడి కళ్ళ ముందు నిలబడింది. శనివారాలు మేము దొండాకూ బొగ్గూ కలిపి నూరి, ఆ పసరుతో నల్లబల్లను రుద్దేవాళ్ళం. మోచేతుల దాకా పచ్చా నలుపూ కలిసిన మరకలు, గోళ్ళ సందుల్లో బొగ్గు పొడి, ఆదివారం తలంటుకు కూడా వదలని ఆ వాసన.

బడి అంటే ఒక పొడుగాటి పెంకుటిల్లు, దాని ముందు వసారా. ఐదు తరగతులకూ అదే గది. తూర్పు గోడకు రెండు కిటికీలు, పడమటి వైపు వాకిలి. వాకిట్లో నిలబడితే దూరంగా ఉదయగిరి కొండ నీలంగా కనిపించేది. వానలప్పుడు మబ్బు కొండ నెత్తిన దిగిందంటే పెంకుల సందుల్లోంచి మా పలకల మీద చినుకులు రాలేవి. చలి మొదలయ్యే రోజుల్లో కొండ మీది సీతాఫలాలు గంపలకెత్తి తెచ్చేవాళ్ళు. మా అవ్వ వాటిని సజ్జల కుండలో దూర్చి మగ్గబెడితే, రోజుకు పదిసార్లు మూత తీసి వాసన చూసి, ఒత్తి చూసి, ఆమె చేత తిట్లు తినేవాళ్ళం. తిన్నాక మిగిలిన నల్లటి గింజలు మాకు వామనగుంటల ఆటకు పనికొచ్చేవి. ఆ ఆటలో మా చెల్లెలు పెంచలను గెలిచినవాళ్ళు లేరు. ఏ గుంటలో ఎన్ని గింజలున్నాయో ఒక్క చూపులో పట్టేసేది. అంత లెక్క తెలిసిన పిల్లను బడిలో మొద్దు అంటుంటే ఆ రెంటికీ పొత్తు ఎలా కుదిరిందని ఎవరూ అడగలేదు. నేను కూడా అడగలేదు.

పెంచల నాకంటే రెండేళ్ళు చిన్నది. మూడో ఏట పెద్ద జ్వరం వచ్చింది. ఆ తర్వాత చెవుల్లో చీము కారేది. అవ్వ వెల్లుల్లి వేసి కాచిన నూనె గోరువెచ్చగా చుక్కలు పోసి దూది పెట్టేది. కొన్నాళ్ళకు చీము ఆగింది. పిలిస్తే పలకడం కూడా ఆగింది. గట్టిగా అరిస్తే తిరిగి చూసేది కాబట్టి ఇంట్లో అందరూ అది మొండిదన్నారు. దానికి వినపడదని నాకు తెలుసా అంటే, తెలుసని చెప్పలేను, తెలియదనీ చెప్పలేను. దాని ముందుకు వెళ్ళి చేతులతో చెబితే అర్థమవుతుందని మాత్రం తెలుసు. మీసం దువ్వితే నాయన, చూపుడువేలు అరచేతిలో గుచ్చితే గారెలు, వేళ్ళు కిందికి జార్చితే వాన. మా నాయన దానితో నేరుగా మాట్లాడేవాడు కాదు, "దాన్ని సంగటి తినమను" అని నాతో చెప్పేవాడు. వీధిలో ఎవరేం అడిగినా దాని బదులు నేనే చెప్పేదాన్ని. ఇంట్లో నాకున్న గొప్ప అదొక్కటే. దాన్ని ఎంత ఇష్టంగా మోశానో చెబితే ఇప్పుడు సిగ్గేస్తుంది.

బడిలో అప్పటిదాకా ఒక పెద్ద అయ్యవారే ఉండేవాడు. మంచివాడే. కానీ పాఠమంతా నల్లబల్లకు చెప్పేవాడు, సుద్దముక్కతో రాస్తూ, మాకు వీపు చూపిస్తూ. పెంచల ఒకటో తరగతిలో రెండేళ్ళు కూర్చుని, ఆ వీపు మీది చొక్కా ముడతలు తప్ప ఏమీ నేర్చుకోలేదు. మూడో ఏడు బడి తెరిచే రోజుకు రెండో టీచరు వచ్చింది. పేరు మార్తమ్మ. ఉదయగిరి నుంచి పొద్దున బస్సుకు వచ్చి సాయంత్రం బస్సుకు వెళ్ళేది. సన్నగా పొడుగ్గా ఉండేది, గంజి పెట్టిన నూలు చీరలు కట్టేది, పాఠం చెబుతూ వరసల మధ్య తిరిగేది.

పెంచల సంగతి ఆమెకు పట్టిచ్చింది ఒక పలక. రెండు నెలల్లో పెంచలకు అక్షరాలు వచ్చాయి. దాంతో పాటు ఒక వింత కూడా బయటపడింది. మాటలు చెప్పి రాయించేటప్పుడు మూడు మాటలు సరిగ్గా రాసి, రెండు ఖాళీలు వదిలేసి, మళ్ళీ మూడు రాసేది. పెద్ద అయ్యవారైతే ఆ ఖాళీలకు రెండు దెబ్బలు వేసేవాడు. ఆమె పలకను చేతిలో పట్టుకుని చాలాసేపు చూసింది, తర్వాత అవే మాటలు చెబుతూ మళ్ళీ మా మధ్య నడిచింది. తను వెనక్కి వెళ్ళినప్పుడల్లా పలక మీద ఖాళీ పడుతోంది. అప్పుడు వచ్చి పెంచల ముందు గొంతుక్కూర్చుని, గొంతు రాకుండా పెదవులు మాత్రం కదిలించి, పలక అంది. పెంచల పలక అని రాసింది. మేమంతా అది మాయ అనుకున్నాం.

మరుసటి రోజే గది మారిపోయింది. వరసలు తీసేసి మమ్మల్ని చంద్రవంకలా కూర్చోబెట్టింది. తను కిటికీకి ఎదురుగా, వెలుగు ముఖం మీద పడేలా నిలబడి చెప్పేది. రాసేటప్పుడు మాట్లాడేది కాదు, రాసి, తిరిగి, అప్పుడు చెప్పేది. మాలో ఎవరు మాట్లాడాలన్నా లేచి మిగతావాళ్ళ వైపు ముఖం తిప్పి చెప్పాలి. అర్థం కాకపోతే మళ్ళీ చెప్పమని ఎవరైనా అడగొచ్చు, అడిగినందుకు ఎవరూ నవ్వకూడదు. మొదట్లో మాకది ఆటలా ఉండేది, పోను పోను అలవాటైంది. వెనక మూల కూర్చుని ఐదేళ్ళుగా నోరు విప్పని పిల్లలు కూడా మళ్ళీ చెప్పమని అడగడం మొదలుపెట్టారు. పెంచలకు ఇంకో చిక్కు ఉండేది. ప, బ, మ అనే అక్షరాలు పెదవుల మీద ఒకేలా కనిపిస్తాయి. మబ్బు అని చెబితే పప్పు అని రాసేది. టీచరమ్మ దాని చేయి తీసుకుని తన గొంతు మీద పెట్టుకుని బ అనేది, ముక్కు పక్కన పెట్టుకుని మ అనేది. ఎక్కడా అదురు తెలియకపోతే ప. ఆ వారమంతా మేము కూడా ఒకరి గొంతులు ఒకరం పట్టుకుని తిరిగాం.

నన్ను మాత్రం తీసుకెళ్ళి చంద్రవంక ఆ చివర కూర్చోబెట్టింది. పెంచలను ఏదో అడిగితే నేను అలవాటుగా లేచి జవాబు చెప్పబోయాను. ఆమె చేత్తో ఆపింది.

"నీ చెల్లెలికి నోరుండాది. నువ్వు ముందు పడబాకు" అంది. కోపంగా ఏమీ అనలేదు. కానీ ఆ మాట నాకు చాలా రోజులు గుచ్చుకుంది. దానికి ఇన్నేళ్ళు నేను చేసిందంతా ఒక్క మాటతో తీసి పక్కన పెట్టినట్టనిపించింది.

ఆ చలికాలంలోనే మా నాయన పెంచలను బడి మాన్పించాలనుకున్నాడు. ఇంట్లో మేకలు ఈనాయి, వాటి వెంట పోయేవాళ్ళు లేరు. అది తెలిసి టీచరమ్మ మా ఇంటికి వచ్చింది. అవ్వ వసారాలో విడిగా ఉంచే గ్లాసులో మజ్జిగ తెచ్చి ఇచ్చింది. టీచరమ్మ అది చూసీ చూడనట్టు తాగింది.

"చదువు దాని తలకెక్కదులే టీచరమ్మా. మేకల ఎనకన్నా తిరుగుద్ది" అన్నాడు నాయన.

"అన్నా, దానికి ఇనపడదు, అంతే. తల బాగానే ఉండాది. పరీక్షలయ్యేదాకా నాకొదిలెయ్. ఆ తర్వాత నీ ఇష్టం."

మండలం నుంచి ఆఫీసరు బడి తనిఖీకి వస్తున్నాడని, ఆ రోజు వచ్చి కళ్ళారా చూస్తానని నాయన అన్నాడు. ఆ తర్వాత క్రిస్మస్‌కు టీచరమ్మ మా అందరికీ కజ్జికాయలు తెచ్చింది. కొబ్బరీ బెల్లమూ యాలకులూ కలిసిన ఆ వాసన సంచి విప్పకముందే గదంతా నిండింది. కొందరి ఇళ్ళల్లో ఏమంటారోనని మేము వాటిని బడి వెనక చింతచెట్ల కింద తినేసి, మూతులు తుడుచుకుని ఇళ్ళకు వెళ్ళాం.

తనిఖీ రోజు నల్లబల్ల నిగనిగలాడుతోంది, పసరు వాసన ఇంకా పోలేదు. నాయన మరో నలుగురు పెద్దలతో కలిసి గోడ వార బెంచీ మీద కూర్చున్నాడు. ఆఫీసరు పెద్ద మీసాల మనిషి. లోపలికి రాకుండా వాకిట్లోనే నిలబడి, పుస్తకం ముఖానికి దగ్గరగా పట్టుకుని ప్రశ్నలు వేస్తున్నాడు. మధ్యాహ్నపు ఎండ ఆయన వెనక నుంచి పడి ముఖమంతా చీకటిగా ఉంది. ముగ్గురు పిల్లల తర్వాత వేలు పెంచల వైపు చూపించి ఏదో లెక్క అడిగాడు. టీచరమ్మ ఒక్క అడుగు ముందుకు వేసి, పెద్ద అయ్యవారు వద్దన్నట్టు చూస్తే ఆగిపోయింది.

పెంచల ఆయన్ని చూసింది. ఏమీ కనిపించలేదు. అప్పుడు నా వైపు చూసింది, ఇంట్లో చూసినట్టే. రెండు చేతుల వేళ్ళు చూపిస్తే చాలు, దానికి అర్థమయ్యేది. నేను ఆ పని చేయలేదు. అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని పలక మీదికి వంగిపోయాను. టీచరమ్మ చెప్పిన మాట పాటిస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. నేను లేకపోతే దానికి ఏమీ రాదని అందరూ చూడాలని నాకుండింది. నాయన చూడాలని, టీచరమ్మ మరీ ముఖ్యంగా చూడాలని.

నాయన బెంచీ మీద సర్దుకుని కూర్చోవడం వినపడింది. ఇక అయిపోయిందనుకున్నాను. తల ఎత్తేలోపు పెంచల లేచి నిలబడింది.

"సారూ, యెలుగులోకి రండి. నన్ను జూసి మళ్ళీ అడగండి" అంది, ఎత్తుపల్లాలు లేని తన పెద్ద గొంతుతో.

ఆ గొంతు బయట వేపచెట్టు దాకా వినపడి ఉంటుంది. పెద్ద అయ్యవారు బెత్తం కోసం తడుముకున్నాడు. ఆఫీసరు మాత్రం ఒక్క క్షణం ఆ పిల్లను చూసి, చెప్పులు విడిచి లోపలికి వచ్చి, కిటికీకి ఎదురుగా నిలబడి, పుస్తకం మూసేసి, నలభై రెండులో పదిహేడు పోతే ఎంతని నింపాదిగా అడిగాడు. ఇరవై ఐదు అని వెంటనే చెప్పింది. ఇంకో మాట చెప్పి రాయమన్నాడు. పలక మీద పావి అని రాసింది. రాసిందాన్ని చూసుకుంది. అలాంటి మాట లేదని దానికే తోచింది కాబోలు, మొదటి అక్షరం అరచేత్తో తుడిచి బావి అని దిద్దింది. ఆయన టీచరమ్మ వైపు తిరిగి ఏదో అడిగాడు. ఆమె జవాబు చెబుతూ కళ్ళు తుడుచుకోవడం మేమంతా చూశాం.

మర్నాడు పొద్దున సంగటి ముందు కూర్చున్న పెంచలకు ఎదురుగా నాయన వచ్చి, గొంతుక్కూర్చుని, దాని గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తి, "ఎంత పెట్టమంటావమ్మా?" అని అడిగాడు. నేను గుమ్మంలో చెంబు పట్టుకుని నిలబడి ఉన్నాను. నాతో ఏమీ చెప్పలేదు. మేకల మాట మళ్ళీ ఎత్తలేదు.

పెంచల పది దాకా చదివింది. ఇప్పుడు ఉదయగిరిలో కుట్టుమిషన్లు పెట్టుకుని ఆడపిల్లలకు కుట్టుపని నేర్పుతోంది. చెవిలో చిన్న వినికిడి మిషను ఉంది. నేను పంతులమ్మనయ్యాను. మా తరగతి గోడకు ఇప్పుడు పెద్ద తెర ఉంది, వేలితో తాకితే బొమ్మలు కదులుతాయి. పిల్లలందరినీ కలుపుకుని పాఠం ఎలా చెప్పాలో శిక్షణల్లో మంచి మాటలే చెబుతారు, నేను రాసుకుంటాను. మా ఊరి బడిని పక్క ఊళ్ళో కలిపేశారు. పెంకులు దించేశాక మొండిగోడలు మిగిలాయి, చింతచెట్లు కొట్టేశారు. ఇప్పుడు సీతాఫలాలు ఉదయగిరి బస్టాండులో ప్లాస్టిక్ ట్రేలలో అమ్ముతున్నారు. అవ్వా లేదు, నాయనా లేడు. మార్తమ్మ టీచరు పోయిన సంగతి నాకు ఏడాది తర్వాత తెలిసింది.

శిక్షణ అయిన ఆదివారం పెంచల దగ్గరికి వెళ్ళాను. ఇన్నేళ్ళుగా ఎవరితోనూ అనని ఆ సంగతి, దాని ఎదురుగా కూర్చుని, తనిఖీ రోజు కావాలనే నోరు మూసుకున్నానని చెప్పేశాను. అది కొలతలు గీస్తున్న గుడ్డ మీది నుంచి తల ఎత్తి నన్ను చూసింది.

"తెలుసక్కా. ఆ పొద్దే తెలుసు. కోపమొచ్చింది. ఆ కోపంతోనే లేచినాను" అంది. "నువ్వు చేతి ఏళ్ళు చూపించుంటే నేను కూర్చోనే ఉండేదాన్ని" అని మళ్ళీ కత్తెర అందుకుంది.