సదయ్య ఎత్తిన ప్లేట్లు

"మమత తన తండ్రిని సభలోంచి మెడవట్టి గెంటిందట అవ్వా!" నల్లా దగ్గర జమున అన్నది.

"నువ్వు చూసినవా?"

"లే. అందరంటున్నరు."

అందరూ అనేది అబద్ధం. నేను అక్కడే ఉన్నాను. జరిగింది అంతకంటే రోత.

సదయ్య మా గోదావరిఖనిలో ముప్పై ఏళ్లు గనిబాయిలో దిగి బొగ్గు ఎత్తినవాడు. మాలాగే మాదిగ కులం. డ్యూటీ దిగి మూడుసార్లు సబ్బు రుద్దినా కనురెప్పల అంచున బొగ్గు కాటుకలా మిగిలేది. అది చూసి బడిలో పిల్లలు నవ్వారని చిన్నప్పుడు మమత ఏడ్చింది. మర్నాటి నుంచి సదయ్య బడి గేటు దాకా పోలేదు. మూలమీది సోడాబండి దగ్గరే బిడ్డ కోసం నిలబడేవాడు. ఆ బిడ్డే ఇప్పుడు మంచిర్యాలలో లెక్చరర్. అక్కడ తన కులం ఎవరికీ చెప్పుకోలేదు.

మొన్న అక్కడే సభ. అమెరికాలోని నల్లజాతివాళ్ల మీద మమత ప్రసంగం. "నా బిడ్డ మాట్లాడుతది, రా అక్కా" అని సదయ్యే నన్ను తీసుకుపోయాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు.

గుమ్మంలో మమత, ఆమెతో పనిచేసే కృష్ణప్రియ నిలబడి ఉన్నారు. "ఎవరండీ మీరు?" అని కృష్ణప్రియ అడిగింది.

మమత నోరు తెరవకముందే సదయ్య అన్నాడు: "మేడం ఇంటికాడ కావలుంటనమ్మా."

మమత నేల చూసింది. కాదనలేదు. సిగ్గుచేటు, నేనూ నోరు మూసుకున్నాను.

"మంచి పని. టిఫిన్లయ్యాయి, ఆ ప్లేట్లు కాస్త తీసేద్దురూ" అంది కృష్ణప్రియ.

సదయ్య ఎత్తాడు. వేదిక మీద మమత మైకులో చెబుతోంది: చదువుకొని మధ్యతరగతికి చేరిన నల్లవాళ్లు పాత వాడల్లో మిగిలిపోయిన తమవాళ్లను మరవకూడదట. మరిస్తే ఆ చదువు దండగట. ఒకటే చప్పట్లు. ఆమె కళ్లముందు నుంచే తండ్రి ఎంగిలి ప్లేట్లు మోసుకుపోయాడు. టిఫిన్లో పెట్టిన మిర్చి బజ్జీ ఇంకా నా నోట్లోనే ఉంది. బయటికి పోయి ఉమ్మేశాను.

తిరుగు బస్సులో ఇక ఆగలేకపోయాను.

"థూ! కన్నబిడ్డకు కావలోనివా సదయ్యా? గట్లెందుకన్నవ్?"

అతను ఇస్త్రీ చొక్కా మీది చట్నీ మరకను గోటితో గీకాడు.

"ఆమె నోట్లకెళ్లి గదే మాటొస్తే ఇనలేనక్కా. గందుకే ముందుగాల నేనే అన్న."