పాస్టర్‌కి నేర్పిన మాట

డెట్రాయిట్ నుంచి డాలస్ వెళ్లే ఫ్లైట్‌లో నా పక్క సీటాయన పాస్టర్. మా డెట్రాయిట్‌లో ఎవరైనా యాక్సిడెంట్‌లో పోతే, పోలీసుల తరఫున ఇంటికెళ్లి ఆ కబురు చెప్పడం ఆయన పని. ఏ మతం వాళ్లయినా ఆయనే వెళ్లాలట. అలాంటి పని ఒకటుందని నాకు అప్పటిదాకా తెలీదు.

నేను తెలుగువాణ్ణని తెలియగానే, "మీవాళ్లు నాకు తలుపెందుకు తియ్యరు?" అని అడిగారు.

పోయిన చలికాలం ఒక అపార్ట్‌మెంట్‌కి వెళ్లారట. లోపల ముగ్గురు తెలుగు స్టూడెంట్స్ ఉన్నారు. వాళ్లతో ఉండే నాలుగోవాడు ఆ పొద్దునే హైవే మీద పోయాడు. ఈయన మెడ దగ్గర తెల్ల కాలర్ చూసి, "మేం హిందువులం, నో థాంక్స్" అని ఒకడు లోపల్నుంచే అరిచాడట. ఈయన బెల్ కొడుతూ మంచులో అరగంట నిలబడ్డారు.

"లోపల నవ్వులు వినపడుతూనే ఉన్నాయి. వాటిని ఆపాల్సింది నేనే" అన్నారు.

నాకు తల తీసేసినట్టయింది. ఇలాంటివాళ్లు బైబిల్ ఇవ్వడానికొచ్చారనుకుని, మేమూ టీవీ సౌండ్ తగ్గించి ఊరుకున్న రోజులున్నాయి.

"తలుపు తీసేలా ఒక్క మాట నేర్పవా?" అన్నారు. నేర్పాను. "బాబూ, ఒక్కసారి తలుపు తియ్యండి." డాలస్‌లో దిగేదాకా దాన్నే వల్లించుకుంటూ కూర్చున్నారు.

ఇప్పుడు మా ఇంటి బెల్ మోగితే చాలు, బయట ఇంగ్లీషే వినపడాలని దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను.