తలుపు వెనుక అన్న మాట

మొన్న మా ఆఫీసుకు చొప్పదండి వైపు నుంచి ఒకామె మరిదిని వెంటబెట్టుకొని వచ్చింది. ఆమె కష్టమంతా అతనే ఏకరువు పెట్టబోతుంటే, ఎప్పటిలాగే నేను అతన్ని బయట చాయ్ తాగి రమ్మని పంపేశాను. మా జూనియరు అమ్మాయి తరువాత మెల్లగా, మొగవాళ్ళంటే మీకెందుకంత కోపమని, అసలు ఈ నల్లకోటు ఎందుకు వేసుకున్నారని అడిగింది. ఏదో నవ్వి దాటేశాను గాని ఆ ప్రశ్న నన్ను వదలలేదు. నా ఈడువాళ్ళకైతే చెప్పుకోవచ్చు, ఆ రోజులు మీకూ తెలుసు కనుక.

మాది మగ్గాల ఊరు. అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేవాళ్ళం. అవ్వకు అక్క, అంటే నాకు పెద్దవ్వ, పక్క వీధిలోనే కాపురం ఉండేది. ఆమె భర్త పెద్దబాపు సాంచెల, అంటే మరమగ్గాల, పనికని భివండీ పోయి, అక్కడే జ్వరమొచ్చి చనిపోయాడు. పిల్లలు లేరు. కర్మలు ముగిశాయో లేదో, మరిది ఇల్లంతా తనకే కావాలన్నాడు. అన్నదమ్ములిద్దరిదీ అయిన ఆ ఇంట్లో తన భర్త వాటాకొచ్చే గదిలో తనను ఉండనిస్తే చాలు, కండెలు చుట్టుకొని బతుకుతానన్నది పెద్దవ్వ. అంతకన్నా ఏమీ అడగలేదు. కులపెద్దల ముందు పంచాయితీ పెట్టారు.

ఇప్పటి పిల్లలు నమ్మరు గాని, మా పంచాయితీలో ఆడవాళ్ళు కూర్చోకూడదు, లోపలి తలుపు వెనుక ఉండాలి, వాళ్ళ తరఫున అత్తగారింటి మొగవాడే మాట్లాడాలి. పుట్టింటివాళ్ళకు మాట లేదు. మా బాపు లేవబోతే నీకేం సంబంధమని కూర్చోబెట్టారు. పెద్దవ్వ అత్తగారింట్లో మిగిలిన మొగవాడు ఎవరయ్యా అంటే ఆ మరిదే! ఎవరి మీద ఫిర్యాదో, అతనే ఆమెకు నోరయ్యాడు. అంతమంది పెద్దమనుషుల్లో ఒక్కరికీ అది వింతగా తోచలేదంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పోనీ వాళ్ళేమైనా చెడ్డవాళ్ళా అంటే కారు, మా ఇంటి పెళ్ళిళ్ళకు దగ్గరుండి పందిళ్ళు వేయించినవాళ్ళే. ఆనవాయితీ అది.

నేను అవ్వ పక్కన ఆ తలుపు వెనుకే ఉన్నాను. మీ వదిన ఏమంటుందని పెద్దమనిషి అడిగితే, అతను కనీసం తలుపు వైపైనా చూడకుండా, "మా వదినె ఒప్పుకున్నది" అన్నాడు.

"నేను ఒప్పుకోలే" అంది పెద్దవ్వ. గట్టిగానే అంది. నేను విన్నాను, అవ్వ విన్నది, లోపలున్న ఆడవాళ్ళందరూ విన్నారు. బయట మాత్రం అప్పటికే కండువాలు దులుపుకొని లేస్తున్నారు.

ఆ సాయంత్రమే ఆమె మా ఇంటికి వచ్చేసింది. పగలంతా ఎవరి సాంచెల దగ్గరో కండెలు చుట్టేది, ఇంటికొచ్చాక మాట లేదు, ముచ్చట లేదు. పెరిగి పెద్దయ్యాక బాపు నన్ను టీచరు ట్రైనింగుకు పంపుతానంటే, కాదు, లా చదువుతానని మొండికేశాను. ఆడపిల్లకు కోర్టులెందుకని చుట్టాలంతా ముక్కున వేలేసుకున్నారు. న్యాయం, ధర్మం అనే పెద్ద మాటలేవీ అప్పటికి నా బుర్రలో లేవు. పెద్దవ్వ అన్న మాటను కూర్చోబెట్టి వినే చోటు ఒకటి ఎక్కడో ఉంటుంది కదా, అక్కడికి పోవాలనుకున్నాను, అంతే.

లా పట్టా చేతికొచ్చి ఒక సీనియరు వకీలు దగ్గర చేరగానే, ఆమె వాటా కోసం కరీంనగర్ కోర్టులో దావా వేయించాను. నోరు మరిచిపోయిన మనిషి బోనులో ఏం చెబుతుందోనని నాకు ఒకటే భయం. ఏం ఫికర్ పడకు, నీ తరఫున అంతా మేం చెబుతామని ధైర్యం చెప్పబోయాను.

"నా దిక్కుకెల్లి నువ్వు మాట్లాడకు బిడ్డా" అంది పెద్దవ్వ. "జర నన్ను మాట్లాడనియ్యి."

ఆ రోజుల్లో సాక్షి మొదటి నుంచీ అంతా నోటితోనే చెప్పేది. పెద్దవ్వ కొంగు భుజం మీదుగా నిండా కప్పుకొని, ఎక్కడా తడబడకుండా చెప్పుకుంటూ పోయింది. పంచాయితీలో ఒప్పుకున్నావా లేదా అని అవతలి వకీలు గద్దించాడు.

"ఒప్పుకున్నది నా మరిది. నేను తలుపెనుక నిలవడి ఒప్పుకోలే అన్న. గప్పుడు ఎవ్వలు ఇనలే. ఇప్పుడు మీరు ఇనుండ్రి."

జడ్జిగారు ఆ మాటలు టైపు చేయించి, చివర చదివి వినిపించారు. ఆమె ఇంకొక్కసారి చదవమని అడిగింది. ఆయన విసుక్కోకుండా మళ్ళీ చదివారు. నేను వెనుక బెంచీ మీద కూర్చొని సిగ్గు లేకుండా ఏడ్చాను.

వాటా ఎప్పటికో వచ్చింది. సాక్ష్యం చెప్పిన ఆ రోజు తిరుగు బస్సులో మాత్రం ఊరొచ్చేదాకా పెద్దవ్వ మాట్లాడుతూనే ఉంది, పెద్దబాపుకు ఇష్టమైన కూరల గురించి, తన పెళ్ళినాటి వాన గురించి, నేనెన్నడూ విననివన్నీ.

ఇప్పుడు ఆ పంచాయితీల జోరు తగ్గింది, ఆడపిల్లలు స్కూటీల మీద ఒంటరిగా కోర్టుకొస్తున్నారు, సంతోషమే. సాక్షి మొదట చెప్పుకోవలసిన కథను మాత్రం, చట్టం మారాక, ఇప్పుడు మేమే ఆఫీసులో, మా భాషలో, కాగితం మీద తయారు చేస్తున్నాం. ఆమె కింద సంతకం పెడుతుంది, ఆ తరువాత అవతలి వకీలు అడిగినంతవరకే నోరు విప్పుతుంది. పని తొందరగా తెములుతుంది, కాదనను. సంతకానికి ముందు ప్రతి ఒక్కరికీ చదివి వినిపించి, ఇది నీ మాటేనా అమ్మా అని అడుగుతాను. ఇన్నేళ్ళలో ఒక్కరూ కాదనలేదు.