పెద్దమ్మ తొండల గోడ

మొన్న పొద్దున్నే బాపు ఫోన్ చేసి, "మీ పెద్దమ్మ పోయింది బిడ్డా. పండుకున్నది పండుకున్నట్టే ఉన్నది, లేస్తలేదు. ఒళ్ళంత సల్లగైంది" అన్నాడు. నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట, "ఎండల పెట్టి చూసిన్రా?" అని. ఎవరైనా వింటే పిచ్చిదనుకుంటారు. బాపు మాత్రం తిట్టలేదు. "గాదు బిడ్డా, ఇది గట్లాంటి సలి గాదు" అన్నాడు.

ఆ మాట ఎందుకొచ్చిందో చెప్పాలి. చంద్రపూర్‌లో మా పుట్టింటి పెరట్లో తూర్పు ముఖంగా ఒక పాత రాతిగోడ ఉంది. పూత లేదు, అన్నీ సందులే. సందుల నిండా తొండలే. బాపుదేమో సిమెంట్ దుకాణం. ఆ గోడను చూసినప్పుడల్లా ఆయన ప్రాణం ఉసూరుమనేది. "సిమెంట్ అమ్మేటోని ఇంటి గోడే గిట్లుంటే నా తాన ఎవడు కొంటడు వదినె?" అని ఏటేటా బతిమాలేవాడు. పెద్దమ్మ ఆ ఇంటి పెద్దకోడలు. ఆమె ఊ అననిదే గోడకు మేకు కూడా దిగదు. "సందులు మూస్తే నడెండల అవి యాడ దాసుకుంటయ్ మర్దీ? మన చంద్రపూర్ ఎండలు నీకు ఎరికలేవా?" అనేది.

చలికాలం పొద్దున చాయ్ గ్లాసు పట్టుకుని గోడకెదురుగా మెట్టు మీద కూర్చునేది. నన్నూ కూర్చోబెట్టి చూపించేది. సందులోంచి వచ్చిన తొండ మొదట నల్లగా, మొద్దుగా ఉంటుంది. ఒళ్ళు పలచగా పరిచి, పక్క మొత్తం ఎండకు తిప్పుతుంది. "దాని కడుపుల పొయ్యి లేదు బిడ్డా, పాపం. సూర్యుడే రాజెయ్యాలె" అనేది. కాగిన కొద్దీ దాని రంగు తేలుతుంది. ఇక చాలనుకుంటే మూతి ఎండవైపు తిప్పి, ఒళ్ళు రాయి మీంచి పైకెత్తి నిలబడుతుంది. అప్పటికీ కాలితే సందులోకి దూరుతుంది. ఈలోగా పెద్దమ్మ కూడా కాసేపు వీపు, కాసేపు పక్క కాచుకుని, అప్పుడు లేచి వంటింట్లోకి వెళ్ళేది. ఎవరిని చూసి ఎవరు నేర్చుకున్నారో నాకిప్పటికీ తెలియదు.

ఒకసారి డిసెంబర్‌లో కూలర్ గడ్డి తీసేస్తుంటే అడుగున ఒక తొండ కట్టెలా బిగుసుకుని కనిపించింది. బాపు చీపురుతో పారెయ్యబోయాడు. పెద్దమ్మ ఒక్క అరుపు అరిచింది. "ఆగు! సచ్చిపోలే, సల్లవడ్డది. జర ఎండ తగలనియ్, గప్పుడు జెప్పు." దాన్ని చాటలో వేసి ఎండలో పెట్టింది. కాసేపాగి బాపు వెటకారంగా నవ్వుతూ, నవ్వుతూనే చాట మీదికి వంగాడు. అది ఒక కన్ను తెరిచింది. మరుక్షణం ఆయన పాదం మీంచి ఉరికింది. బాపు "ఓయమ్మో" అంటూ ఒక్క గెంతులో సిమెంట్ బస్తాలెక్కాడు. "నీకు ఎండ తగలకముందే గింత ఉరుకుడేంది మర్దీ!" అని పెద్దమ్మ నవ్వి నవ్వి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఇప్పటికీ బిగుసుకుపోయిన మనిషి ఎదురైతే నేను వెంటనే ఒక మాట అనెయ్యను. జర ఎండ తగలనిస్తాను. అది పెద్దమ్మ పెట్టిన భిక్ష.

బల్లార్‌పూర్ నుంచి నేను వెళ్ళేసరికి, వచ్చిపోయేవాళ్ళ కోసం పెరట్లో టెంట్ వేస్తున్నారు. పైన కప్పే టార్పాలిన్ పట్టా గోడ దాకా లాగారు. గోడంతా నీడ. ఇక ఈ గోడ కోసం కొట్లాడేవాళ్ళు ఎవరున్నారు అనుకున్నాను.

ఏడ్చి ఏడ్చి ఎర్రబడ్డ కళ్ళతో బాపు బయటికొచ్చాడు. గోడను చూశాడు. "పట్టా వెనక్కి గుంజుర్రి. గోడ మీద నీడ పడొద్దు" అన్నాడు. వచ్చినవాళ్ళకు ఎండ తగులుతుంది కదా కాకా అని టెంటతను మరాఠీలో అడిగాడు.

"తగలనియ్. సలికాలమే గద. గా గోడ మా వదినెది."

పట్టా వెనక్కి జరిగింది. కాసేపటికి సందులోంచి నల్లటి తొండ ఒకటి బయటికొచ్చి, పక్క మొత్తం ఎండకు తిప్పి పరుచుకుంది. బాపు వెళ్ళి మెట్టు మీద, పెద్దమ్మ కూర్చునే చోటు వదిలేసి కొంచెం పక్కగా కూర్చున్నాడు. ఆయన వీపు మీద ఎండ పడుతోంది.