అత్త తిప్పనివ్వని గుడ్లు

"మీ అత్త పోయింది బిడ్డా. దవాఖానకు తీస్కపోదామనుకునేలోపే అయిపోయింది" అని మామ ఫోన్ చేసినప్పుడు నేను నారాయణఖేడ్ బస్టాండులో మనూర్ బస్సు కోసం నిలబడి ఉన్నాను. బస్సు వచ్చింది, పోయింది. నేను ఎక్కలేదు.

అత్తది గోదావరి సముద్రంలో కలిసేచోట ఒక చిన్న దీవి. చిన్నప్పుడు వాళ్లింట్లో తాబేలు గుడ్లు వండుకునేవారట. తిన్న నోటితోనే వాటిని కాపాడండని ఊరూరా చెప్పడం తన ఉద్యోగమైందని నవ్వేది. తీరంలో తల్లి తాబేళ్లు పెట్టిపోయిన గుడ్లను కుక్కలు తవ్వకముందే ఏరి, కంచె కట్టిన ఇసుకలో పాతిపెట్టి, పిల్లలు బయటికొస్తే సముద్రంలోకి వదలడం ఆమె పని. అక్కడికి డ్రైవరుగా వెళ్లిన మా మేనమామ ఆ గుడ్ల బుట్టలను గతుకులు తప్పిస్తూ జీపులో తెచ్చేవాడు. అలా పెళ్లయింది. ఉద్యోగాలు ముగిశాక ఇద్దరూ మా ఖేడుకు వచ్చేశారు. సముద్రమెక్కడ, మా ఎండిన బోర్లెక్కడ!

"తాబేలు గుడ్డు ఎలా పడిందో అలాగే ఎత్తాలి, అలాగే పెట్టాలి. తిరగబడితే లోపల పిల్ల బతకదు" అనేది అత్త. ఆ అలవాటు ఆమె చేతుల్లోంచి పోలేదు. ఇక్కడ కోడిని పొదగేసినప్పుడు ప్రతి గుడ్డు మీదా పెన్సిల్‌తో గీత పెట్టింది. కోడేమో గుడ్లను తిప్పుకోవడం, ఈమె చేయి పెట్టి గీతను మళ్లీ పైకి తేవడం. కోడి పొడిచి పొడిచి, చివరికి విసిగి గంప దిగిపోయింది. గుడ్లన్నీ మురిగిపోయాయి.

"ఏందత్తా గిది? కోడి గుడ్లు తిప్పకుంటే పిల్లలైతయా? దాని పని దాన్ని చేసుకోనియ్యి" అన్నాను.

అత్త పడీపడీ నవ్వింది. "బతుకంతా తిప్పొద్దనే చెప్పాన్రా. తిప్పితేనే బతికేవి కూడా ఉంటాయని నాకెవరు చెప్పారు?"

ఏటా చలికాలం చివర, ఆమె దగ్గర పని నేర్చుకున్న అమ్మాయి అక్కడి నుంచి ఫోన్ చేసేది. "వచ్చాయా?" అన్నదే అత్త మొదటి మాట. ఈ ఏడు ఫోన్ రాలేదు. అత్తే చేసింది.

"ఒడ్డు కోసుకుపోయిందమ్మా. మిగిలిన కాస్తకీ బండరాళ్లు పోసేశారు. తాబేళ్లు రాళ్ల దాకా వచ్చి వెనక్కెళ్లిపోతున్నాయి" అని ఆ అమ్మాయి ఏడ్చింది.

అత్త పుట్టిన దీవి అంతకుముందే నీళ్లలో కలిసిపోయింది. "నేను వదిలినవి పెద్దయ్యాక ఆ ఒడ్డుకే రావాలి. ఎక్కడికొస్తాయిరా ఇప్పుడు?" అని నన్నడిగింది. ఆమె చేసిందేదీ వృథా కాదని రాయాలని ఉంది. కానీ అలా అనిపించడం లేదు. ప్రాణమున్న దేన్నైనా రెండు చేతులతో ఎత్తడం మాత్రం నేను ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

సమాధుల తోట గేటు ఇరుకు. మోసేవాళ్లు అత్త ఉన్న పెట్టెను పక్కకు వంచబోతే మామ అడ్డం వచ్చాడు. "వంచకుండ్రి. ఎట్ల పండుకున్నదో అట్లనే పోనియ్యుండ్రి" అన్నాడు. గేటు రెక్క ఊడదీసి తీసుకెళ్లాం.

గోతిలోకి దించబోయే ముందు మామ జేబులోంచి పెన్సిల్ తీసి, పెట్టె మూత మీద చిన్న గీత గీశాడు. మట్టి పడి ఆ గీత కనబడకుండా పోయేదాకా వంగి చూస్తూనే ఉన్నాడు.