కింద ఇంకొకలున్నరు

సిరిసిల్ల బి.వై. నగర్‌లో రాజనర్సును ఎవరూ వెనుక నుంచి పిలవరు. ఎదురుగా వచ్చి, మొహం చూపించి మాట్లాడాలి. యాభై ఎనిమిదేళ్ల మనిషి. పద్నాలుగో ఏట భివండి పోయి సాంచాల మీద చెయ్యి పెట్టాడు. పదకొండేళ్ల తర్వాత తిరిగొచ్చి ఇక్కడి కార్ఖానాల్లో అదే మరమగ్గాల పని పట్టుకున్నాడు. ఎనిమిది సాంచాల నడుమ రోజుకు పన్నెండు గంటలు. ఆ చప్పుడుకు మొదట పోయింది కుక్కర్ విజిల్. ఆ సంగతి కనిపెట్టింది ఆయన కాదు, భార్య రుక్కమ్మ. పప్పు మాడి ఇల్లంతా పొగ కమ్మే దాకా ఆయన పొయ్యి పక్కనే కూర్చుని ఆమె బీడీలకు దారం కడుతున్నాడు.

కార్ఖానాలో చెవులు బాగున్నవాళ్లకు కూడా వాటితో పెద్ద పని ఉండదు. పోగు తెగిందనీ, కండెలు అయిపోయాయనీ, చాయ్ వచ్చిందనీ ఈ మూల నుంచి ఆ మూలకు పెదవులతోనే చెప్పుకుంటారు. సాంచాలు ఆగితే మిగతావాళ్లు మళ్లీ గొంతుల్లోకి వచ్చేస్తారు. రాజనర్సు మాత్రం అక్కడే ఉండిపోయాడు. ఎవరి మొహమైనా ఎదురుగా ఉంటే చాలు, మాట దొరుకుతుంది. మొహం తిప్పుకుంటే ఆ మనిషి లేనట్టే. పెళ్లిళ్లకు పోవడం మానేశాడు. పదిమంది ఒకేసారి మాట్లాడే చోట ఎటు చూడాలో తెలియదు.

ఆ మంగళవారం పదిన్నరకు చాయ్ తాగుదామని వీధిలోకి వచ్చాడు. రోడ్డు అంచున కొత్త మోరి కోసం నాలుగు రోజులుగా తవ్వుతున్నారు. నడుము లోతు కాలువ, పక్కన మట్టి కుప్పలు, జేసీబీ. హోటలు ముందు గ్లాసు అందుకుంటుండగా కాళ్ల కింద నేల అదిరింది. తల తిప్పేసరికి అందరూ పరుగెడుతున్నారు.

పక్క కార్ఖానాకు పడుగు నూలు చుట్టిన బీములు తెచ్చిన ట్రాలీ ఆటో వెనక్కి వస్తుంటే రోడ్డు అంచు విరిగింది. బండి పక్కకు ఒరిగి మోరిలో పడింది. ఇనుప బీములు తొమ్మిది, ఒక్కోటి మనిషంత పొడుగు, ఇద్దరు మోస్తే గాని కదలని బరువు. అవన్నీ ఒక పక్కకు జారి ట్రాలీ తలుపును ఒత్తుతూ ఆగిపోయాయి. తలుపుకూ మట్టి గోడకూ నడుమ ఒక ఆడమనిషి ఇరుక్కుంది. మొహం, ఒక భుజం తప్ప ఏమీ కనపడడం లేదు. బోయినపల్లి నుంచి రోజూ కూలికి వచ్చే ఐలవ్వ.

డ్రైవర్ ముందే దూకేశాడు. రోడ్డు మీద నిలబడి రెండు చేతులతో నెత్తి పట్టుకున్నాడు.

ఐదు నిమిషాల్లో మోటార్ సైకిల్ మీద ఇద్దరు పోలీసులు వచ్చారు. హెడ్ కానిస్టేబుల్ శ్యాంసుందర్, కానిస్టేబుల్ సరిత. శ్యాంసుందర్ అడగవలసిన ప్రశ్నే అడిగాడు.

"మోరిల ఇంకెవలన్న ఉన్నరా?"

"లేరు సార్," అన్నాడు జేసీబీ డ్రైవర్ రమేశ్, సీట్లోంచే వంగి. "సామేలు ఉండె గని, సిమెంటు సంచులకు పోయిండు. మిగిలినోళ్లు గా స్కూలు కాడ పని చేస్తున్నరు. గీ అవ్వ ఒక్కతే."

"అయితే చైను వేసి గుంజు. జల్ది."

అది తప్పు నిర్ణయం కాదు. ఆమె ఛాతీ మీద బరువుంది, మొహం నల్లబడుతోంది. గుంపులో అందరూ అదే అరుస్తున్నారు. ఒకాయన బండి పక్కకు నెట్టమంటాడు, ఇంకొకాయన ముందు నీళ్లు తాగించమంటాడు. నలుగురు ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. సరిత వాళ్లను వెనక్కి తోస్తూ 108కి లొకేషన్ చెప్తోంది. జేసీబీ ఇంజన్ ఆగకుండా కొట్టుకుంటోంది.

రాజనర్సు మోరికి ఇవతలి అంచున, ఐలవ్వ మొహానికి సరిగ్గా ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఆమె పెదవులు కదులుతున్నాయి.

"దేవున్ని తల్సుకుంటున్నది పాపం," అంది పక్కనున్న ఒకావిడ.

ఆ మాట రాజనర్సుకు వినపడలేదు. ఆయన ఐలవ్వ నోటినే చూస్తున్నాడు. ఊపిరి లేక మాట సగంలో తెగుతోంది, మళ్లీ మొదటి నుంచి మొదలవుతోంది. కింద. కింద ఇంకొక. కింద ఇంకొకలున్నరు.

ఆయన అరిచాడు. తన గొంతు తనకు వినపడదు కాబట్టి ఎప్పుడూ అరుపే. "ఆపుండ్రి! కింద ఇంకొకలున్నరంట!"

శ్యాంసుందర్ వెనక్కి తిరిగి గడ్డం ఎగరేశాడు. "ఎవలు చెప్పిన్రు?"

"గామెనే చెప్తున్నది!"

గుంపులో ఎవరో నవ్వారు. "నర్సన్న చెవులకాడ పటాకులు పేల్చినా ఇనబడది సార్. గామె మాట ఇనబడ్డదంట."

"తాగినవా పెద్దమనిషీ, పొద్దుగాల పొద్దుగాల?" అన్నాడు హెడ్ కానిస్టేబుల్.

శ్యాంసుందర్ మీసం పై పెదవిని కప్పేసింది. ఏమన్నాడో రాజనర్సుకు అందలేదు. చెయ్యి మాత్రం అర్థమైంది, పక్కకు జరగమంటోంది. ఎవరో ఆయన భుజం పట్టి వెనక్కి లాగారు. "నువ్వు పక్కకు రా నర్సన్నా, పాణం పోతుంటే నీదొక లొల్లి."

రమేశ్ జేసీబీ దిగి, చైను కొక్కేన్ని ట్రాలీ చట్రానికి తగిలించి, మళ్లీ సీటెక్కాడు.

రాజనర్సు మళ్లీ ఐలవ్వ వైపు చూశాడు. ఇప్పుడు ఆయనకే అనుమానం వచ్చింది. కార్ఖానాలో చెప్పుకునే మాటలు పదో పదిహేనో. ఎవరు ఏమంటారో సగం ముందే తెలిసి ఉంటుంది. ఈమె కొత్త మనిషి. పెదవుల నిండా మట్టి. తను తప్పు చదివి ఉంటే? ఈ ఆలస్యంలో ఆమె ప్రాణం పోతే అది తన మెడకే చుట్టుకుంటుంది. సరిగ్గా చదివి ఊరుకుంటే? బండిని పైకి లాగగానే తలుపు మీద ఒత్తుకుని ఉన్న తొమ్మిది బీములూ కిందికి దొర్లుతాయి. ట్రాలీ మూతలా కప్పిన ఆ మోరి అడుగు ఖాళీలోకే దొర్లుతాయి. బీములు ఎలా దొర్లుతాయో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. భివండిలో ఒకడి మోకాలు ఎలా పోయిందో పక్కన నిలబడి చూశాడు.

ఆమె నోరు మరోసారి కదిలింది. ఈసారి ఒక్కటే మాట, పేరు. సామేలు.

రమేశ్ ఆ పేరు పలికినప్పుడు రాజనర్సు అటు చూడలేదు. సామేలు ఎవరో తెలియదు. తనకు తెలియని పేరును తను కల్పించుకోలేదు కదా అనుకున్నాడు. చెప్పులు విడిచి మోరిలోకి దూకాడు. చైను రెండు చేతులతో పట్టుకుని, ట్రాలీకి వీపు ఆనించి, బురదలో కూర్చున్నాడు.

పైన గోల లేచింది. ఎన్నో నోళ్లు ఒకేసారి తెరుచుకున్నాయి. రాజనర్సు ఒక్కటీ చదవలేదు. ఒక మట్టిపెళ్ల వచ్చి భుజం మీద పడింది. శ్యాంసుందర్ బెల్టు సర్దుకుని తనే కిందికి దిగి ఆయన కాలర్ పట్టుకున్నాడు.

"లేస్తవా, లేపాల్నా? ఆడమనిషి సస్తున్నది ఈడ!"

లాగడానికి వంగినప్పుడు శ్యాంసుందర్ చెవి ఐలవ్వ నోటికి జానెడు దూరంలోకి వచ్చింది.

కాలర్ మీది చెయ్యి అలాగే ఆగిపోయింది. ఆయన ఇంకొంచెం వంగాడు. తర్వాత నిటారుగా లేచి, జేసీబీ వైపు రెండు చేతులూ ఊపాడు. "బంద్ చెయ్! ఇంజన్ బంద్ చెయ్‌రా! సామేలు కింద ఉన్నడంట!"

రమేశ్ మొహం పాలిపోయింది. "సంచులకు పోయిండు సార్... మల్ల ఎప్పుడచ్చిండో నేను సూడలే..."

"నువ్వు సూసుకుంట కూసుంటవా? దిగు!" శ్యాంసుందర్ రాజనర్సు ముందు గొంతుకూర్చున్నాడు. ఈసారి నోరు పెద్దగా తెరిచి, ఒక్కో మాటా విడదీసి అడిగాడు. "ఇప్పుడు ఎట్ల, కాకా?"

"బండి కదలద్దు. జాకీ పెట్టుండ్రి, కట్టెలు పోటు పెట్టుండ్రి. బీములు మీది నుంచి ఒక్కొక్కటి చేతుల మీద తియ్యాలె. మా కార్ఖానోళ్లను పిలువుండ్రి."

పక్క కార్ఖానాల నుంచి పన్నెండు మంది దాకా వచ్చారు. గుంపులో అంతదాకా ఫోను పట్టుకున్న ఇద్దరు జేబుల్లో పెట్టేసుకుని వరుసలో నిలబడ్డారు. డ్రైవర్ జాకీ తెచ్చాడు. మొదటి బీమును ఎవరో చివరనున్న గుండ్రటి రేకు పట్టి ఎత్తబోతే రాజనర్సు కింది నుంచి అరిచాడు. "రేకు పట్టద్దు! తిరుగుతది! నడుమ పైపుల రాడ్డు దూర్చి, రెండు దిక్కుల ఒక్కసారే లేపుండ్రి!"

ఒకటి లేచింది. రెండోదానికి ట్రాలీ కిర్రుమని కదిలినట్టుంది. పైన అందరూ బిగుసుకుపోయారు. ఆ బిగింపు చూసి రాజనర్సు కూడా బిగుసుకున్నాడు. జాకీ కింద ఇంకో చెక్క దూర్చారు.

సరిత మోరిలోకి దిగి ఐలవ్వ మణికట్టు పట్టుకుంది. ఆమె కళ్లు మూతలు పడుతున్నాయి. రాజనర్సు మోకాళ్ల మీద ఆమె ఎదుటికి జరిగాడు.

"మాట్లాడుకుంట ఉండు చెల్లే. సప్పుడు ఎల్లకున్న మంచిదే. నేను సూస్త."

ఐలవ్వ కళ్లు తెరిచింది. మాట్లాడింది. అక్కడున్న అంతమందిలో ఒక్కడికే తెలిసేలా మాట్లాడింది.

"ఏమంటున్నది?" సరిత ఆయన భుజం తట్టి అడిగింది.

"దూప అయితున్నదంట." సరిత వద్దని తల అడ్డంగా ఊపింది. ఆయన ఐలవ్వ వైపు తిరిగాడు. "నీళ్లు ఇయ్యద్దంటున్నరు చెల్లే, దవాఖాన్ల ఇస్తరు. ఇంకేంది, చెప్పు."

ఆమె సామేలు గురించి చెప్పింది. ఈ పనికి తానే తీసుకొచ్చిందట. ఇద్దరివీ పక్క పక్క ఇండ్లు. ఆయన భార్య సుధ వద్దన్నదట, మోరి పని వద్దు, పత్తి ఏరను పోదామన్నదట. సుధకు ఏమని చెప్పాలని అడిగింది.

"ఏం చెప్పుడు లేదు. ఆయన్నే తోల్కపోతవు గద ఇంటికి. మూడు తీసిన్రు. ఇంక ఆరే ఉన్నయి."

నాలుగు. ఐదు. తర్వాత ఆమె ఏం చెప్పిందో ఆయనకు దొరకలేదు, పెదవులు అదురుతున్నాయి. తలూపాడు. ఏడో బీము రాడ్డు మీద ఉండగా పెదవులు ఆగిపోయాయి.

"చెల్లే! ఐలవ్వా!"

సరిత మెడ మీద వేళ్లు ఆనించి చూసింది. రాజనర్సు సరిత మొహంలోకి చూశాడు. ఆమె పైకి చూసి చేతితో తొందర చేసింది. ఎనిమిది. తొమ్మిది. నలుగురు ట్రాలీ తలుపును గడ్డపారలతో ఎత్తిపట్టారు. ఐలవ్వను భుజాల కింద పట్టి బయటికి తీశారు. తల ఒక పక్కకు వాలిపోయి ఉంది. 108 వాళ్లు స్ట్రెచర్ మీద వేసి, మొహానికి ఆక్సిజన్ తగిలించి తీసుకుపోయారు. మాస్కు కింద నోరు కనపడలేదు.

ఇక సామేలు. శ్యాంసుందర్ బురదలో బోర్లా పడుకుని, ట్రాలీ కింద సందులోకి తల పెట్టాడు. ఒక చెయ్యి వెనక్కి చాపి, ఎవరూ చప్పుడు చేయొద్దని సైగ చేశాడు. వీధంతా ఆగింది. పక్క కార్ఖానా సేటు సాంచాలు బంద్ పెట్టించాడు. అందరూ నేల నుంచి రావలసిన ఒక చప్పుడు కోసం వింటున్నారు.

రాజనర్సు ఒక్కడే వినలేడు. అందుకని మొహాలు చూశాడు. రమేశ్ కళ్లు మూసుకున్నాడు. డ్రైవర్ నోరు తెరుచుకుని ఉంది. అంచున నిలబడ్డ ఒకావిడ ఉన్నట్టుండి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అది ఎలాంటి ఏడుపో ఆయనకు తెలియలేదు. ఆమె వెనకాల ఒకతను చెయ్యి ఎత్తి కిందికి దించాడు. అదీ తెలియలేదు.

శ్యాంసుందర్ తల బయటికి తీశాడు. మీసం నుంచి బురద కారుతోంది. దాన్ని అరచేత్తో తుడుచుకుని, రాజనర్సు వైపు తిరిగాడు.

"ఉన్నడు."

సామేలును తీయడానికి ఇంకో పావుగంట పట్టింది. కుడి కాలు మోకాలి కింద విరిగి వేలాడుతోంది. తెలివిలో ఉన్నాడు, బూతులు తిడుతున్నాడు. ఎవరిని తిడుతున్నాడో ఎవరూ అడగలేదు. ఆయన్ను ఇంకో అంబులెన్స్ తీసుకుపోయింది.

గుంపు పలచబడింది. రాజనర్సు చెప్పులు వెతికితే ఒకటే దొరికింది. చొక్కా బురదగా ఉందని కార్ఖానాలోకి పోలేదు. అసలు ఎటూ పోలేదు, మోరి గట్టు మీద నిలబడ్డాడు. ఇరవై నిమిషాలు. చైను వేసి లాగి ఉంటే ఐలవ్వ రెండు నిమిషాల్లో బయటికి వచ్చేది. మిగతా పద్దెనిమిది తను పెట్టించినవి.

శ్యాంసుందర్ దవాఖానాకు ఫోను చేశాడు. చేసి, ఎండ మొహాన పడకుండా గోడ వైపు తిరిగి మాట్లాడసాగాడు. రాజనర్సు ఆ వీపును కొంచెంసేపు చూశాడు. తర్వాత ఒక కాలికే చెప్పుతో గోడ దాకా నడిచి, గోడకూ ఆయనకూ నడుమ సందులోకి దూరి, ఎదురుగా నిలబడ్డాడు.

శ్యాంసుందర్ కసురుకోలేదు. ఫోను చెవికి పెట్టుకునే, నోరు పెద్దగా తెరిచి చెప్పాడు. "తెలివికచ్చింది. బొక్కలు ఇరిగినయంట పక్కటెముకలు. కరీంనగర్ తోల్కపోతున్నరు. అప్పుడే ఏం చెప్పరాదంట."

"మాట్లాడుతున్నదా?"

శ్యాంసుందర్ ఫోనులో అడిగాడు. విన్నాడు. "పెదవులు ఆడిస్తున్నదంట. సప్పుడు ఎల్తలేదంట. ఏం అడుగుతున్నదో ఎవలకు తెలుస్తలేదంట ఆడ."

"సామేలు ఉన్నడని చెప్పుమను."

"ఏంది?"

"గదే అడుగుతున్నది సార్. ఉన్నడని చెప్పుమను. కాలొక్కటే ఇరిగింది, పాణం మంచిగున్నదని చెప్పుమను."

శ్యాంసుందర్ ఫోనులో ఆ మాటే చెప్పాడు. ఫోను చెవికి నొక్కి పట్టుకున్నాడు. అవతల ఎవరో ఆమె దగ్గరికి పోతున్నట్టున్నారు. రాజనర్సు ఆ మీసం కింది పెదవి మీద నుంచి చూపు తీయలేదు.

"చెప్పిన్రంట," అన్నాడు శ్యాంసుందర్ చివరికి. "తలూపి ఊకున్నదంట."