ఒంటికాలి మీద వకీలు సాబ్

యుద్ధం నడుస్తున్న రోజులవి. ఇరవై రెండేళ్ల వయసులో అమీర్‌పేటలో ఫొటోల దుకాణం పెట్టుకున్నాను. ఎవరు వచ్చి కూర్చున్నా "కదలకుండ్రి! ఊపిరి బిగబట్టుండ్రి!" అని గట్టిగా అరిచి ఫొటో తీసేవాణ్ణి. నిద్రలో కూడా అదే అరుపని మా ఆవిడ ఫిర్యాదు.

పంజాగుట్ట వకీలు సాబ్ ఏటా పండక్కి నా దగ్గరే ఫొటో దిగేవారు. ఒక చలికాలం పొద్దున, చెరువులో దిగిన బాతుల్ని ఫొటో తీయాలని నన్ను వెంటబెట్టుకెళ్లారు. నా దగ్గర మిగిలింది ఫొటో పడే గాజు ప్లేటు ఒక్కటే. యుద్ధం పుణ్యమా అని బజారులో ఇంకోటి దొరకదు.

"జర పైలం. ఒక్క బాతు లేచినా నీ దుకాణం మొఖం సుత చూడ," అని, తెల్ల పైజామా మోకాళ్లదాకా మడిచి, వాటిని నా వైపు మళ్లించడానికి ఆయనే నీళ్లలోకి దిగారు. బురదలోంచి మెల్లగా ఒక్కో కాలూ ఎత్తి వేస్తున్నారు. బాతులు బుద్ధిగా కెమెరా ముందుకు వచ్చాయి. నేను కెమెరా మీద కప్పిన నల్లగుడ్డలోంచి తల బయటికి పెట్టి, ఒళ్లు మరిచి అరిచాను.

"కదలకుండ్రి! ఊపిరి బిగబట్టుండ్రి!"

చెరువంతా రెక్కల చప్పుడు. నా చెయ్యి మాత్రం అలవాటుగా ఫొటో తీసే రబ్బరు బంతిని నొక్కేసింది. బాతులన్నీ ఎగిరిపోయాక నీళ్లలోంచి సన్నని గొంతు వినిపించింది.

"ఏమయ్యా, ఇగ ఊపిరి ఇడువొచ్చా?"

ప్లేటు కడిగి చూస్తే ఒక్క బాతు లేదు. నీళ్ల నడుమ తెల్లబట్టల్లో, ఒంటికాలి మీద, మెడ నిటారుగా పెట్టి సాబ్ నిలబడి ఉన్నారు. ఆ తర్వాత ఎన్నో పక్షుల్ని ఫొటో తీశాను. చెప్పిన మాట విన్న కొంగ మాత్రం అదొక్కటే.